పేటెంటు మందులు – తెలుగు పత్రికా సంస్కృతి: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

తలనొప్పి వస్తే "కాస్త అమృతాంజనం రాయి" అనడం తెలుగు ఇళ్లలో పరిపాటి. నకరికల్లు వంటి పల్నాటి గ్రామాల్లోనూ ఆ మాట ఏ కంపెనీ తలనొప్పి మందుకైనా వర్తిస్తుంది. ఒక వ్యాపారనామం ఇలా జాతివాచకంగా మారడం వెనుక పేటెంటు మందుల చరిత్ర ఉంది. ఆ మందులకూ తెలుగు పత్రికలకూ ఏర్పడిన సంబంధాన్ని, అందులోని వైరుధ్యాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

పేరులోని చిక్కు

ఇంగ్లండులో కొందరు మందుల తయారీదారులకు రాజశాసనం ద్వారా లభించిన ప్రత్యేక హక్కు నుంచి 'పేటెంటు మందు' అనే పేరు పుట్టింది. తరువాతి కాలంలో ఆ పేరుతో అమ్ముడైన మందుల్లో అధిక భాగానికి పేటెంటే లేదు. పేటెంటు పొందాలంటే తయారీ విధానాన్ని బహిర్గతం చేయాలి. తయారీదారులు కోరుకున్నది గోప్యత. అందువల్ల వారు వ్యాపారనామాన్ని, లేబులును, ప్రకటనను నమ్ముకున్నారు.

మందు పోషించిన అక్షరం

కృష్ణా జిల్లా ఎలకుర్రులో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. ఆ ఆదాయం అండగా 1908లో అక్కడే 'ఆంధ్రపత్రిక'ను వారపత్రికగా స్థాపించారు. 1914లో మద్రాసులో అది దినపత్రిక అయింది. 1924లో 'భారతి' సాహిత్య మాసపత్రిక వెలువడింది. కె.ఎన్. కేసరి ఇదే మార్గంలో నడిచారు. కేసరి కుటీరం మందులతో, ముఖ్యంగా స్త్రీల కోసం రూపొందిన 'లోధ్ర'తో ఆర్జించిన ఆయన 1928లో 'గృహలక్ష్మి' పత్రికను ప్రారంభించారు.

వైద్యుడు అందుబాటులో లేని గ్రామానికి పత్రికా ప్రకటన మందు పేరును చేర్చింది; తపాలా శాఖ వి.పి.పి. పద్ధతి మందునే చేర్చింది. స్త్రీలు బయటికి చెప్పుకోలేని అనారోగ్యాలు మొదటిసారి అచ్చు భాషలోకి వచ్చిన చోట్లలో ఈ ప్రకటనలు ఒకటి.

వైరుధ్యం

కొమర్రాజు లక్ష్మణరావు తలపెట్టిన 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము'ను ఆయన మరణానంతరం నాగేశ్వరరావు కొనసాగించారు. విజ్ఞానం అందరికీ చేరాలన్న ఆ కృషికి ధనం సమకూర్చినది యోగాన్ని గుట్టుగా ఉంచే వ్యాపారం. దీనిని వ్యక్తిగత లోపంగా చూడడం సరికాదు. యోగం బయటపడితే నకళ్లను ఆపడం కష్టం. అయినా సీసాలో ఏముందో తెలియని కొనుగోలుదారునికి ప్రకటనే ప్రమాణమైందన్నది నిజం. ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన 1930–31లో పనిచేసిన ఔషధ విచారణ సంఘం, 1940 నాటి ఔషధ చట్టం, అద్భుత చికిత్సల ప్రకటనలను నిషేధించిన 1954 చట్టం ఈ సమస్యకు క్రమంగా వచ్చిన సమాధానాలు.

ముగింపు

పాత పత్రికలను బైండు చేసేటప్పుడు ప్రకటన పుటలను తొలగించడం కద్దు. వ్యాసాలనూ కథలనూ భద్రపరచి, వాటిని పోషించిన పుటలను పారవేస్తే చరిత్ర సగమే మిగులుతుంది. ఆధునిక తెలుగు సాహిత్యానికి ఆర్థిక చరిత్ర రాయదలచిన పరిశోధకునికి ఆ పుటలే మూలాధారాలు. దాతృత్వాన్ని కీర్తించడంతో ఆగక, ఆ దాతృత్వానికి ధనం ఎవరి నమ్మకం నుంచి వచ్చిందో అడగవలసి ఉంది. తలనొప్పితో, చేతిలో కొద్దిపాటి డబ్బుతో ప్రకటనను నమ్మిన పేరు తెలియని పాఠకుడూ 'భారతి' పోషకుడే.