కత్తెరయు సూదియు

బట్ట కుట్టుటయందు రెండు పనులు కలవు. దేహమును కొలిచి, వస్త్రమును దానికి తగినట్లు ఊహించి కత్తిరించుట యొకటి. కత్తిరించిన ముక్కలను దారముతో చేర్చుట రెండవది. మొదటిది కత్తెర పని, రెండవది సూది పని. మొదటిదానికి ఆలోచన ప్రధానము. రెండవదానికి ఓర్పు ప్రధానము. ఈ రెండును ఒక్క చేతిలో నున్నప్పుడు కుట్టుపని విద్య యనిపించుకొని గృహమునకు మేలు చేసినది. కత్తెర యొకరి చేతిలోను, సూది వేరొకరి చేతిలోను పడినప్పుడు సూది పట్టినవారి బ్రతుకు దుర్భరమైనది. గడచిన రెండువందల యేండ్ల చరిత్రమును పరిశీలించువారికి ఈ విషయము స్పష్టముగా గోచరించును. బట్టలను ఇంటిలో కుట్టుకొనుట మేలా, అంగడిలో కొనుట మేలా యని తర్కించుటకు ముందు ఆ చరిత్రమును తెలిసికొనుట యుక్తము.

మన దేశమున సూది క్రొత్తది కాదు. ఋగ్వేదము రెండవ మండలమునందే, తెగని సూదితో తమ పనిని కుట్టుమని రాకాదేవిని ప్రార్థించు మంత్రము కలదు. అమరకోశమున కుట్టుపనివానికి సౌచికుడనియు తున్నవాయుడనియు రెండు పేళ్లు చెప్పబడినవి. సూచితో జీవించువాడు సౌచికుడు. చినిగినదానిని చేర్చి నేయువాడు తున్నవాయుడు. క్రొత్త బట్ట కుట్టుటయే కాక పాతదానిని బాగుచేయుటయు ఈ వృత్తిలో భాగమని ఆ రెండవ పేరే చెప్పుచున్నది.

అయినను మన నిత్యవస్త్రములైన చీరయు పంచెయు కత్తెర నెరుగనివి. మగ్గము దిగినవి దిగినట్లే కట్టుకొనదగినవి. కావున మన యిండ్లలో సూదికి పని కల్పించినది క్రొత్త బట్టకంటె పాత బట్టయే. చిరిగినచోట మాసిక వేయుట, నలిగిన చీరలను పొరలుగా పరచి బొంత కుట్టుట, అక్క పరికిణీని చెల్లెలికి కుదించుట, ఎదుగు పిల్ల పరికిణీకి అడుగున మడతలు వేసి యుంచి యేటేట నొకటి విప్పుట, ఇవి మన అవ్వల కుట్టుపనులు. కొలత పెట్టి కత్తిరింపవలసిన రవికయు చొక్కాయు మాత్రము దర్జీ యొద్దకు పోయెడివి. అనగా సూది ఇంటిలోను, కత్తెర వీధిలోను ఉండెడివి.

ఐరోపాలో స్థితి వేరు. అచ్చటి చలికి దేహమంతయు కప్పు కుట్టుబట్టలు కావలెను. యంత్రము రాక పూర్వము ఒక మంచి చొక్కాను చేతితో కుట్టుటకు పదునాలుగు గంటలకు పైగా పట్టెడిది. వర్తకుడు బట్టను కత్తిరించి, కుట్టుటకై పేదస్త్రీల యిండ్లకు పంపి, చొక్కాకింతయని స్వల్పమైన కూలి యిచ్చెడివాడు. 1843 డిసెంబరులో లండను నగరపు ‘పంచ్’ పత్రికయందు థామస్ హుడ్ అను కవి, చొక్కాలు కుట్టు పేదరాలి దుఃఖమును గూర్చి యొక గేయమును ప్రకటించెను. అది దేశమంతట వ్యాపించి చదువరుల మనస్సులను కలత పెట్టెను. ఆ స్త్రీలకు కుట్టుట రాక దుఃఖము కలుగలేదు. వారు రాత్రింబవళ్లు కుట్టెడివారే. ఏమి కుట్టవలెను, ఎన్ని కుట్టవలెను, ఏ వెల గట్టవలెను అను నిర్ణయము వారి చేతిలో లేదు. కత్తెర వర్తకునిది, సూది మాత్రము వారిది.

సూది బరువును యంత్రముతో తగ్గింపవచ్చునని తలచినవారు అప్పటికే కలరు. ఫ్రాన్సు దేశమున బార్తెలెమీ తిమోనియే అను దర్జీ 1830లో ఒక కుట్టుయంత్రమునకు హక్కు పత్రము పొంది, పారిస్ నగరమున సైనికుల దుస్తులు కుట్టు శాలను నెలకొల్పెను. తమ జీవనము పోవునను భయముతో దర్జీలు గుంపుగా వచ్చి 1831లో ఆ యంత్రములను ధ్వంసము చేసిరి. తిమోనియే 1857లో పేదవాడై మరణించెను. దర్జీల చర్య తప్పని చెప్పుట సులభము; కాని, యంత్రము తమ సొంతము కాక పరుల సొంతమైనప్పుడు అది తమ నోటికూడు తీయునను వారి భయమును నిరాధారమని చెప్పుట కష్టము.

అమెరికాలో ఎలియాస్ హోవ్ అను పనివాడు, కొనయందే బెజ్జము గల సూదితో రెండు దారములను పెనవేయు యంత్రమును నిర్మించి, 1846 సెప్టెంబరు 10వ తేదీన హక్కు పత్రము పొందెను. అంతకు ముందటి యేడు బోస్టను నగరమున ఐదుగురు కుట్టుపనికత్తెలతో పోటీపడి ఆ యంత్రము నెగ్గెను. అయినను కొనువారు లేరైరి. హోవ్ ఇంగ్లండునకు పోయి, అచ్చటను లాభము కానక తిరిగి వచ్చుసరికి అతని భార్య క్షయరోగముతో మరణావస్థలో నుండెను. భర్త ప్రయోగములు చేయుచున్న కాలమున ఆమెయే కుట్టుపని చేసి కుటుంబమును పోషించినదని చెప్పుదురు.

ఐజక్ సింగరు యంత్రము 1851లో వచ్చినది. హక్కుల వ్యాజ్యములో హోవ్ నెగ్గి సింగరునుండి ధనము రాబట్టెను; 1856లో ప్రధాన కంపెనీలన్నియు తమ హక్కులను కలిపివేసికొనినవి. ఆ సంవత్సరమే సింగరు భాగస్వామి యగు ఎడ్వర్డు క్లార్కు, కొంత సొమ్ము ముందుగా గైకొని మిగిలినదానిని నెలవాయిదాలలో వసూలు చేయు పద్ధతిని ప్రవేశపెట్టెను. నూరు డాలర్లకు పైబడిన వెల సామాన్యగృహస్థునకు తలకు మించినది. వాయిదాల పద్ధతి యంత్రమును కర్మాగారమునుండి ఇంటిలోనికి తెచ్చినది. పదునాలుగు గంటల యిరువదియారు నిమిషముల చొక్కా పని యంత్రముతో గంట పదునారు నిమిషములలో ముగియునని అప్పటి వీలర్ అండ్ విల్సన్ కంపెనీ లెక్క ప్రకటించెను.

యంత్రములను మితిమీరి నమ్మరాదనిన గాంధీమహాత్ముడు సయితము సింగరు కుట్టుయంత్రమును తన నిషేధమునుండి మినహాయించెను. రామచంద్రన్ అను విద్యార్థితో ఆయన చేసిన సంభాషణము 1924 నవంబరునాటి ‘యంగ్ ఇండియా’లో ప్రకటితమైనది. భార్య సూదితో పడు శ్రమను చూచి, ఆమెపై ప్రేమచేత సింగరు ఆ యంత్రమును కల్పించెనని ఆయన భావము. చరిత్రమును చూడగా ఆ కథ సింగరుకంటె హోవ్ గృహమునకే యెక్కువ చేరువగా నున్నది. అయినను మహాత్ముడు చెప్పదలచిన న్యాయము చెడలేదు: యంత్రము మనుష్యుని శ్రమ తగ్గించుటకై యుండవలెను గాని, కొందరి పేరాస తీర్చుటకై యుండరాదు.

యంత్రము సూది బరువును తగ్గించినది. కత్తెరను మాత్రము ఇల్లాలి చేతి కీయలేదు. దాని నిచ్చినది కాగితము. 1863లో మసాచుసెట్సు రాష్ట్రపు దర్జీ యగు ఎబెనీజర్ బటరిక్, దుస్తుల భాగములను పలుచని కాగితములపై వేరువేరు కొలతలలో కత్తిరించి అమ్మనారంభించెను. అంతకుముందు పత్రికలలో అచ్చగు నమూనాలు సాధారణముగా ఒకే కొలతవి. వానిని తన దేహమునకు సరిపరచుకొనుట నేర్పరులకు మాత్రమే సాధ్యము. బటరిక్ కాగితము వచ్చిన పిమ్మట, దానిని బట్టపై పరచి, అంచు వెంబడి కత్తిరించుటకు సామాన్యగృహిణికిని ధైర్యము కలిగినది. తరతరములుగా దర్జీలు తమలోనే దాచుకొనిన కొలత రహస్యము స్వల్పమైన వెలకు ఇంటింటికిని చేరినది. కుట్టుపని చరిత్రమున యంత్రముతో సమానమైన గౌరవము ఈ కాగితమునకు చెల్లవలెను.

ఇది యిట్లుండగా, వేరొక మార్గమున కత్తెరయు సూదియు మరల విడిపోవుచుండెను. కర్మాగారములలో ఒకడు కత్తితో పొరలు పొరలుగా బట్టను కోయును. వరుసగా కూర్చున్న బాలికలలో ఒకతె చేయి మాత్రమే కుట్టును, వేరొకతె గుండీ మాత్రమే కుట్టును. న్యూయార్కు నగరమున ట్రయాంగిల్ కంపెనీ స్త్రీల జాకెట్లు కుట్టించు శాల యట్టిదే. 1911 మార్చి 25వ తేదీన అచ్చట నిప్పంటుకొనెను. ఒక తలుపునకు తాళము వేసియుండుటచేత తప్పించుకొన వీలులేక 146 మంది చనిపోయిరి. వారిలో ఎక్కువమంది వలస వచ్చిన కుటుంబముల యువతులు. యంత్రము వారి వ్రేళ్ల శ్రమను తగ్గించియుండవచ్చును. వారి ప్రాణములను కాపాడలేకపోయినది.

ఇంటి కుట్టునకు గట్టి పరీక్ష రెండవ ప్రపంచ సంగ్రామ కాలమున బ్రిటనులో జరిగెను. నేతమిల్లులును కుట్టుశాలలును సైన్యపు పనికి మరలింపబడుటచే, 1941 జూన్ 1వ తేదీనుండి ప్రభుత్వము బట్టలకు రేషను విధించెను. మొదటి సంవత్సరము పెద్దవారికి తలకు 66 కూపన్లు. ఉన్ని గౌనుకు 11, పురుషుని బూట్ల జతకు 7 కూపన్లు పోయెడివి. తరువాతి యేండ్లలో కూపన్ల సంఖ్య మరింత తగ్గినది. 1942లో జేబులకును గుండీలకును మడతలకును పరిమితులు ఏర్పడినవి. పంట్లాము అడుగు మడత నిషేధింపబడగా పురుషులు మిక్కిలి సణిగిరట! ఈ నియమములలో ధనికులకును పేదలకును కూపను సంఖ్య యొక్కటే యగుట గమనింపదగినది.

క్రొత్త బట్టకు కూపను కావలెను; ఇంటిలోనున్న పాత బట్టకు కూపను లేదు. కాబట్టి ఉన్నదానిని బాగుచేసికొని సరిపెట్టుకొనుడని ప్రభుత్వమే 1943లో ఒక చిన్నపుస్తకము ప్రకటించి, ఊరూర కుట్టు తరగతులను ప్రోత్సహించెను. భర్త కోటును విప్పి భార్యకు జాకెట్టు కుట్టుట, నడుమ నలిగిన దుప్పటిని నిలువుగా చీల్చి అంచులను నడిమికి తెచ్చి కుట్టుట, పాత స్వెట్టరు నూలు విప్పి మరల అల్లుట, కంబళితో కోటు కుట్టుట, ఇట్టివి గృహకృత్యములైనవి. యుద్ధాంతమున గొడుగువలె విచ్చుకొను పారాషూటు పట్టుతో పెండ్లి దుస్తులు కుట్టుకొనినవారును కలరు. యుద్ధము ముగిసిన పిమ్మటను ఈ రేషను కొనసాగి, 1949 మార్చి 15వ తేదీన తొలగినది.

ఆ యెనిమిదేండ్ల పాఠమేమి? పాత కోటునుండి క్రొత్త జాకెట్టు తీయుటకు సూది యొక్కటి చాలదు. ఏ భాగము నలిగినది, ఏ భాగము గట్టిగా నున్నది, పోగుల వాలు ఎటు పోవుచున్నది, ఎచ్చట అతుకు పడినను కనబడదు అని చూడగల కన్ను కావలెను. క్రొత్త బట్ట కత్తిరించుటకంటె పాతదానిని తిరిగి కత్తిరించుటకు హెచ్చు నేర్పు కావలెను. ఆ నేర్పు గల యిల్లు కొరత కాలమున మర్యాదగా బట్ట కట్టుకొని నిలిచినది.

నేడు కొరత లేదు; అంగడినిండ చవుక బట్టలే. కాని ఆ చవుకదనము ఎచ్చటనుండి వచ్చుచున్నది? 2013 ఏప్రిల్ 24వ తేదీన బంగ్లాదేశమున ఢాకా నగర సమీపమునందలి సావర్‌లో, ఎనిమిదంతస్తుల రానా ప్లాజా కూలి 1100 మందికి పైగా మరణించిరి. వారిలో అధికసంఖ్యాకులు విదేశములకు బట్టలు కుట్టు పనివారు. ముందటి దినముననే గోడలు బీటలు వారినను, మరునాడు వారిని పనికి రప్పించిరి. న్యూయార్కు ఘోరమునకును దీనికిని నడుమ నూటరెండేండ్లు గడచినవి. కత్తెర యొకచోటను సూది యొకచోటను ఉండు ఏర్పాటు మాత్రము మారలేదు. విశాఖపట్టణ ప్రాంతమున అచ్యుతాపురమునందును వేలకొలది తెలుగు స్త్రీలు ఇట్టి కర్మాగారములలో పనిచేయుచున్నారు. కావున ఇది పరదేశపు సంగతి యని మనము ఊరకుండ వీలులేదు.

ఇంటిలో నొక రవిక కుట్టుకొనినంతమాత్రమున ఆ పనివారి స్థితి బాగుపడునా యని కొందరు ప్రశ్నింపవచ్చును. అంతమాత్రమున బాగుపడదు, దానికి చట్టములును, సంఘములును, న్యాయమైన కూలియు కావలెను. కాని కుట్టు నెరిగినవాడే కుట్టువెల నెరుగును. ఒక చొక్కా చేతికి కఫ్ఫు కుదురుగా పట్టించుటకు మూడుమార్లు విప్పి కుట్టినవాడు, అట్టి చొక్కా కారుచవుకగా అమ్ముడగుచున్నచో ఆశ్చర్యపడక మానడు.

మరికొందరు, ఈ బోధ స్త్రీని మరల ఇంటి మూలకు నెట్టునని శంకింతురు. ఈ శంకను తేలికగా త్రోసివేయరాదు. కుట్టుపని ఆడుదాని విధి యని శాసించినచో అది నిజముగా సంకెలయే. కాని తున్నవాయుడు పురుషుడే. తిమోనియే, బటరిక్ పురుషులే. మన వీధి దర్జీలలో పురుషులే హెచ్చు. కూలి వచ్చుచోట పురుషులు చేయు పనిని, కూలి రానిచోట స్త్రీల కర్తవ్యమనుట యేమి న్యాయము? బాలురకును బాలికలకును సమానముగా ఈ విద్యను నేర్పిన శంక తీరును. గుండీ కుట్టుకొనలేని పట్టభద్రుడు తన విద్యలో కొంత లోపమున్నదని గ్రహింపవలెను.

ఆరంభమునకు యంత్రము కూడ నక్కరలేదు. తనకు బాగుగా సరిపడి, నలిగిపోయిన రవికనో చొక్కానో తీసికొని, కుట్లను మెల్లగా విప్పవలెను. ముక్కలను సాపుచేసి, పాత వార్తాపత్రికపై పరచి, చుట్టును గీత గీసి, కుట్టునకు కొంత విడిచి కత్తిరించినచో అదియే తన దేహమునకు తగిన నమూనా యగును. దానిని మొదట పాతచీర ముక్కపై ప్రయోగించి, పొడవు కుట్లతో తాత్కాలికముగా చేర్చి, తొడిగి చూచి, లోపములు దిద్దుకొని, ఆ తరువాతనే క్రొత్త బట్టపై కత్తెర వేయవలెను. ఇప్పుడు సెల్‌ఫోనులో సయితము ఈ పాఠములు దొరకుచున్నవి. అయినను విప్పిన రవిక చెప్పినంత స్పష్టముగా ఏ పాఠమును చెప్పజాలదు.

తాను కుట్టిన చొక్కా చినిగినచో బాలుడు దానిని పారవేయక మాసిక వేసికొనును. అంగడిలో వెల మిక్కిలి తక్కువగా కనబడినచో, ఆ తగ్గిన భాగము ఎవరి కూలినుండి కత్తిరింపబడినదో యని ఒక్క నిమిషము నిలిచి ఆలోచించును. ఆ యాలోచనము మొలకెత్తుటకు ఇంటిలో ఒక కత్తెరయు, ఒక సూదియు, ఒక పాతబట్టయు చాలును.