తల్లిలేని నేల: 1878 నాటి యొక లేఖ



అమరకోశమున భూమివర్గమునందు దేశములు రెండు తెఱగులుగా జెప్పబడినవి. ఏటినీట పండునది నదీమాతృకము. వాననీట పండునది దేవమాతృకము. ఈ యిరువురు తల్లులలో నెవ్వరి పోషణయు చాలని నేలను ప్రజలకు పంచుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానముగా అమెరికా సంయుక్త రాష్ట్రములలో నొక మంత్రి సంతకముతో 1878వ సంవత్సరమున నొక లేఖ వెలువడెను. దాని కథను మనవి చేయుచున్నాను.

1862 నాటి శాసనము ప్రకారము అయిదేండ్లు నివసించి సాగుచేసిన కుటుంబమునకు 160 ఎకరములు లభించుచుండెను. వానలు గల తూర్పుసీమలో నది చాలినంత భూమి. పడమటి సీమలోనో, పెక్కుచోట్ల ఏడాదికి 20 అంగుళముల వానయైన కురియదు. పూర్వము మూలవాసి జాతుల నివాసమైన ఆ భూములను గూడ ప్రభుత్వము అదే కొలతతో వలసదారులకు పంచుచుండెను.

అంతర్యుద్ధమున కుడిచేతిని గోల్పోయిన మేజర్ జాన్ వెస్లీ పవెల్ 1869లో పడవలపై కొలరాడో నదీ మహాగహ్వరమును దాటెను. పిదప రాకీ పర్వత ప్రాంతపు భూగర్భ పరిశోధనకు అధిపతియై, అలాస్కాను విడిచి లెక్కింపగా దేశములో పదింట నాలుగు పాళ్లకు మించి నిర్జలభూమియే యని తేల్చెను. యూటా సీమలో నీరు పాఱించి సాగుచేయదగినది నూటికి 2.8 పాళ్లు మాత్రమే యనెను. కావున పశువులమేతకైనచో కుటుంబమునకు 2,560 ఎకరములును, కాలువనీరు గలచో 80 ఎకరములును చాలుననియు, తొమ్మండుగురైనను చేరి సంఘముగా నేర్పడవచ్చుననియు, నీటిహక్కు భూమిని విడిచి పోరాదనియు సూచించెను.

ఈ నివేదికను అంతరంగశాఖామంత్రి కార్ల్ షుర్జ్ 1878 ఏప్రిల్ 3వ తేదీన ప్రతినిధిసభాధ్యక్షుడగు శామ్యూల్ రాండల్‌కు బంపెను. షుర్జ్ జర్మనీలో జన్మించి, 1848 నాటి విప్లవమున బాల్గొని, 1852లో అమెరికా చేరినవాడు. లేఖ మిక్కిలి చిన్నది. నివేదికను, వర్షపాతపు పట్టికను, మేతభూములకొకటి, నీటిపారుదల భూములకొకటి యగు రెండు చిత్తుబిల్లులను పంపుచున్నానని చెప్పి యూరకుండవచ్చును. ఆచారము నంతటితో దీఱును. ఆయన యట్లుండక, పవెల్ అభిప్రాయములను బిల్లులను శాసనసభ యాలోచింపదగునని సిఫారసు చేసి సంతకము చేసెను. ఈ లేఖకు ప్రాణము ఆ యొక్క వాక్యమే.

బిల్లులు శాసనములు కాలేదు. నాగలి వెంట వాన వచ్చునను భ్రమ ఆ కాలమున బలముగ నుండెను. అయినను 1879 మార్చి 3వ తేదీన వేర్వేరు పరిశోధనలకు బదులుగా నేక భూగర్భ పరిశోధనశాఖ యేర్పడెను. క్లారెన్స్ కింగ్ ప్రథమాధిపతి. 1881 మొదలు 1894 వఱకు పవెల్ అధిపతి. 1893లో లాస్ ఏంజిలెస్ నీటిపారుదల సభలో ఉన్న భూమికెల్ల చాలు నీరు లేదని పవెల్ చెప్పగా సభికులు గేలిచేసిరి. ఆ దశకపు క్షామములకు పెక్కుమంది యిల్లు విడిచి వెడలిరి. 1930 దశకమున దున్నిన మైదానములు ధూళియై యెగిరెను.

ఏండ్లతరబడి పాఠము చెప్పిన నాకు దీనివలన దోచున దొకటి. సత్యము చెప్పువాని ప్రక్కన, ఫలము దక్కకున్నను, సంతకము చేయు నధికారియు నుండవలెను. భూమిని గొలుచునపుడు నీటిని గూడ గొలువవలెను. చెఱువు నిండినపుడు మాత్రమే పండుగ చేసికొను మనకు ఇది వేఱుగా జెప్పనక్కఱలేదు.

శుభం భూయాత్.