పసికందు మరణం – తల్లిమీద నేరం

రాత్రి పాలు తాగి పడుకున్న బిడ్డ తెల్లవారేసరికి కన్ను తెరవదు. ఇది సహజ మరణమా, ఎవరైనా ఊపిరాడకుండా చేశారా? మెత్తని దిండుతో అదిమితే ఒంటిమీద గుర్తు మిగలకపోవచ్చు. తనంతట తాను పోయిన బిడ్డ శరీరమూ అలాగే ఉంటుంది. శవపరీక్ష ఒక్కటే ఈ రెంటినీ చాలాసార్లు వేరు చేయలేదు. మన పూర్వులు బాలగ్రహమనీ, బాలారిష్టమనీ పేర్లు పెట్టారు. ఇంగ్లండు న్యాయస్థానాలు శవం మాట్లాడనిచోట తల్లిని చదివాయి. ఏ కాలంలో ఎలాంటి తల్లిని దోషిగా చదివాయన్నదే ఇక్కడ నా ప్రశ్న.

1624లో ఇంగ్లండు పార్లమెంటు ఒక శాసనం చేసింది. పెళ్ళికాని స్త్రీ తన బిడ్డ మరణాన్ని దాచిందా, ఆమె హంతకురాలే. బిడ్డ చచ్చి పుట్టిందని ఒక సాక్షి చేతనైనా ఆమే రుజువు చేసుకోవాలి, లేకుంటే మరణశిక్ష. చీకటి గదిలో ఒంటరిగా ప్రసవించిన పనిమనిషికి సాక్షి ఎక్కడినుంచి వస్తాడు? పెళ్ళయిన ఇల్లాలికి ఈ నియమం లేదు. బిడ్డకు తండ్రి కూడా ఒకడుంటాడన్న సంగతి శాసనకర్తలకు తట్టినట్టు లేదు.

తర్వాత శాస్త్రం కోర్టు మెట్లెక్కింది. బిడ్డ ఊపిరితిత్తులు నీళ్ళలో తేలితే బతికి పుట్టినట్టు, మునిగితే చచ్చి పుట్టినట్టు! విలియం హంటర్ అనే శరీరశాస్త్రజ్ఞుడు దీన్ని శంకించాడు. కుళ్ళినవీ తేలుతాయి, నాలుగు ఊపిరులు పీల్చి సహజంగా పోయిన బిడ్డవీ తేలుతాయి అన్నాడు. ఆయన పోయాక, 1783లో, ఆ వ్యాసాన్ని లండన్ వైద్యుల సభలో చదివారు. శాసనం మాత్రం 1803 దాకా బతికే ఉంది.

అప్పటికి అనుమానం కూలి ఇల్లాలి మీదికి జరగడం మొదలైంది. బెంగాలు జనపనారతో మిల్లులు నడుపుకున్న డండీ పట్టణంలో, 1892లో, టెంపుల్‌మన్ అనే పోలీసు వైద్యుడు ఊపిరాడక పోయారనుకున్న 258 మంది శిశువుల లెక్క ప్రకటించాడు. కారణాలు: తల్లుల అజ్ఞానం, అజాగ్రత్త, తాగుడు, ఇరుకు గదులు. చివరిది తీసివేస్తే మిగిలినవన్నీ తల్లి గుణగణాలే. కుటుంబమంతా ఒకే పక్కమీద ఎందుకు పడుకోవలసివచ్చిందో మిల్లు యజమానిని అడగడం పోలీసు వైద్యుని పని కాదు కాబోలు.

1969లో అమెరికాలోని సియాటిల్ సభ, ఎంత వెదికినా కారణం దొరకని ఇలాంటి మరణానికి ఒక నిర్వచనం ఇచ్చింది. తెలియదని ఒప్పుకోవడమే దాని గొప్పతనం. అయితే ఆ పేరు చాటున హత్యలూ దాగాయి. 1965–71 మధ్య అయిదుగురు పిల్లలను పోగొట్టుకున్న న్యూయార్కు రాష్ట్రపు తల్లి వనీటా హోయిట్ కథను 1972లో ఒక వైద్యుడు వంశపారంపర్య వ్యాధికి ఉదాహరణగా రాశాడు. 1995లో ఆమె హంతకురాలని తేలింది. తల్లి అయినంత మాత్రాన నిర్దోషి అని నేననడం లేదు.

అనుమానం ఈసారి మరో వైపు ఊగింది. సాలీ క్లార్క్ కూలి మనిషి కాదు, న్యాయవాది. ఇద్దరు కొడుకులు, 1996లో ఒకడు, 1998లో ఒకడు, పసితనంలోనే పోయారు. 1999లో చెస్టర్ కోర్టులో రాయ్ మెడో అనే ప్రసిద్ధ శిశువైద్యుడు లెక్క చెప్పాడు. కలిగిన ఇంట్లో, పొగతాగని ఇంట్లో ఇలాంటి మరణం 8543 మందిలో ఒకరికి; రెండుసార్లు జరగాలంటే ఆ అంకెను అదే అంకెతో హెచ్చవేయాలి. 7 కోట్ల 30 లక్షల్లో ఒకటి! ఒకే రక్తం, ఒకే ఇల్లు పంచుకున్న అన్నదమ్ముల చావులు పాచికల పందేలా? పైగా తల్లి ఇద్దరు బిడ్డలను చంపడమూ అరుదే. ఆ అరుదును ఈ అరుదుతో పోల్చిందెవరు? అదే అధ్యయనంలో జనసామాన్యపు సగటు 1303లో ఒకటి. అంటే డండీలో పేదరికం తల్లికి ఎదురు సాక్ష్యం చెబితే, చెస్టర్‌లో కలిమి చెప్పింది. 2001లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఈ లెక్కను బహిరంగంగా ఖండించింది. రెండో బిడ్డ శరీరంలో సూక్ష్మజీవులు కనిపించిన పరీక్ష ఫలితాలను శవపరీక్ష చేసిన వైద్యుడు బయటపెట్టలేదని తేలాక, 2003లో ఆమె విడుదలైంది. 2007లో కన్నుమూసింది.

ఆమె విడుదలైన ఏడే ఆస్ట్రేలియాలో కాథ్లీన్ ఫోల్బిగ్‌కు శిక్షపడింది. 1989–99 మధ్య నలుగురు బిడ్డలు పోయారు. ఆమె డైరీలో తనను తాను నిందించుకున్న వాక్యాలను ప్రాసిక్యూషను నేరాంగీకారంగా చదివింది. సాహిత్యం చెప్పుకు బతికేవాణ్ణి గనుక ఈ పఠనం నన్ను ఎక్కువగా బాధించింది. బిడ్డ పోయిన తల్లి తనవల్లే పోయిందని ఏడవడం మన ఏ వీధిలోనైనా వినబడేదే. తర్వాత ఇద్దరు కూతుళ్ళలో గుండె లయను చెడగొట్టగల జన్యులోపం కనిపించింది; ఆ డైరీలు నమ్మదగిన నేరాంగీకారం కావని విచారణ తేల్చింది. 2023 జూన్‌లో క్షమాభిక్ష, డిసెంబరులో శిక్ష రద్దు. అప్పటికి ఆమె జైలులో గడిపింది 20 ఏళ్ళు.