రేకు పలక మీది ముళ్లు: బ్రిటిష్ కిట్ కార్ల డ్యాష్‌బోర్డు చరిత్ర

కర్మాగారం నుంచి పూర్తి వాహనంగా కాక విడిభాగాల పెట్టెలుగా అమ్ముడై, కొన్నవారి షెడ్డులోనే రూపు దిద్దుకునే కారును కిట్ కారు అంటారు. వాటిలోనూ ఊరి రోడ్డు కంటే రేసు ట్రాకునే ముఖ్యంగా దృష్టిలో పెట్టుకుని కట్టుకునే రకానికి రెండో ప్రపంచయుద్ధం తర్వాతి ఇంగ్లండు పుట్టిల్లు. ఈ కార్ల గురించిన చర్చ సాధారణంగా ఇంజిన్ శక్తి దగ్గర మొదలై ఛాసిస్ బరువు దగ్గర ముగుస్తుంది. డ్రైవరు ఎదుట ఉండే మీటర్ల పలక, అంటే డ్యాష్‌బోర్డు, దాని చుట్టూ సీట్లు, స్విచ్చులు, బెల్టులు అమరి ఉండే తీరు అలంకారపు విషయాలుగా మిగిలిపోతాయి. అయితే యజమాని మళ్లీ మళ్లీ ఊడదీసి మార్చే భాగం అదే. ఆ మార్పులను వరుసగా పరిశీలిస్తే వాటి వెనుక అభిరుచి పాత్ర తక్కువనీ, పన్ను చట్టం, భద్రతా నిబంధన, రేసు నియమావళి పాత్ర ఎక్కువనీ తెలుస్తుంది. అన్నిటికీ మించి, పరుగెత్తే యంత్రం ఆరోగ్యాన్ని కనిపెట్టి ఉండవలసింది ఎవరు అనే ప్రశ్నకు ఒక్కో కాలం ఇచ్చిన జవాబు ఆ పలక మీద నమోదై ఉంది.

ఇరవయ్యో శతాబ్దపు తొలి పాతికేళ్లలో రేసు కారులో ఇద్దరు కూర్చునేవారు. డ్రైవరు పక్కన ఉండే మెకానిక్కు ఇంధన ట్యాంకులో గాలి ఒత్తిడి తగ్గితే చేతిపంపుతో పెంచేవాడు, ఆయిల్ పీడనం చూపే మీటరు మీద కన్నేసి ఉంచేవాడు, వెనుక నుంచి దూసుకొస్తున్న పోటీదారుల సంగతి చెప్పేవాడు. 1925లో గ్రాండ్ ప్రీ రేసుల నుంచి ఈ రెండో మనిషిని తప్పించడంతో అతని కళ్లు చేసిన పనంతా డ్రైవరు మీద పడింది. గంటకు వంద మైళ్ల వేగంతో మలుపు తిరుగుతున్న మనిషికి మీటరులోని అంకెలు చదివే తీరిక ఉండదు గనుక, అంతా సవ్యంగా ఉన్నప్పుడు ప్రతి ముల్లూ నిట్టనిలువుగా నిలబడేలా మీటర్లను పక్కకు తిప్పి బిగించే పద్ధతి రేసు మెకానిక్కుల్లో స్థిరపడింది. అలా బిగించిన పలక మీద అంకె ఎంతో చూడనక్కర లేదు, ఏ ముల్లు ఒరిగిందో కంటికొసకు తెలిస్తే చాలు.

మీటర్ల తయారీ చరిత్ర గడియారాల తయారీతో పెనవేసుకుని ఉంది. 1851లో లండన్‌లో గడియారాల దుకాణంగా మొదలైన స్మిత్స్ సంస్థ, మోటారు వాహనాల రాకతో వేగాన్ని కొలిచే పరికరాల వైపు మళ్లింది; గంటకు 20 మైళ్ల వేగపరిమితిని విధించిన 1903 నాటి చట్టం అటువంటి పరికరాలకు గిరాకీని తెచ్చిపెట్టింది. రేసు కార్లలోనూ మోటారు సైకిళ్లలోనూ పేరు తెచ్చుకున్న క్రోనోమెట్రిక్ మీటరులో నిజంగానే ఒక గడియార యంత్రం ఉంటుంది. కేబుల్ ద్వారా వచ్చే భ్రమణాలను అది ఒక నిర్ణీత క్షణకాలం పాటు లెక్కించి, ఆ లెక్కను ముల్లుకు అందించి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతుంది. అందుచేత ముల్లు నున్నగా జారకుండా మెట్టుమెట్టుగా గెంతుతూ కదులుతుంది. తిరిగే అయస్కాంతం ఈడ్చే మామూలు మీటరు ముల్లు అదురుకు ఊగిపోయే చోట ఇది చూపిన విలువ దగ్గర కదలకుండా నిలబడేది.

యుద్ధానంతరం ఇంగ్లండులో ఖాళీ పడిన వైమానిక స్థావరాలు రేసు ట్రాకులయ్యాయి. సిల్వర్‌స్టోన్ వాటిలో ప్రసిద్ధమైనది. మద్రాసు దగ్గరి షోళవరంలోనూ యుద్ధకాలపు రన్‌వే మీదే దశాబ్దాల పాటు రేసులు జరిగాయన్నది ఇక్కడ గుర్తు చేసుకోదగిన సంగతి. ట్రాకులు దొరికాయి గాని కార్లు కొనే స్తోమత కొద్దిమందికే ఉండేది. 1940 అక్టోబరులో యుద్ధావసరంగా విధించిన కొనుగోలు పన్ను యుద్ధం ముగిసినా తొలగకుండా, కొత్త కారు ధరలో పెద్ద భాగాన్ని తానే ఆక్రమించింది. అయితే ఆ పన్ను పూర్తయిన వాహనానికే వర్తించేది, విడిభాగాలకు వర్తించేది కాదు. పాత ఆస్టిన్ సెవెన్ కార్లను విప్పి రేసులకు అనువుగా మార్చుకునే సామాన్యుల కోసం 1939లో ఏర్పడిన 750 మోటార్ క్లబ్‌లో పోటీపడి ఎదిగిన కోలిన్ చాప్మన్, 1952లో ఉత్తర లండన్‌లోని హార్న్సీలో, తన తండ్రి నడిపే హోటలు వెనుక పాత గుర్రపుశాలలో లోటస్ సంస్థను నెలకొల్పి, ఈ వెసులుబాటును వ్యాపారంగా మలిచాడు. 1957లో వెలువడిన లోటస్ సెవెన్ పూర్తి కారుగా పన్నుతో కలిపి 1,036 పౌండ్లు, కిట్‌గా 536 పౌండ్లు ఉండేది. కిట్‌తో పాటు బిగింపు సూచనలు ఇవ్వడానికి నిబంధన ఒప్పుకోదు గనుక, విడదీసే సూచనలిచ్చి వాటిని తలకిందులుగా పాటించమన్నారనే కథ ఒకటి నేటికీ ప్రచారంలో ఉంది.

సెవెన్ లోపలి భాగాన్ని ఆనాటి ఏ కుటుంబపు కారుతో పోల్చినా అది సగం వదిలేసిన పనిలా కనిపిస్తుంది. తలుపులు లేవు, సీట్ల పేరిట నేలమీద పరిచిన మెత్తలు, ప్రయాణికుడి మోకాళ్ల పైన పలక కింద అడ్డంగా హ్యాండ్‌బ్రేకు. ఆ లోటును పొదుపు అనడం కంటే, బరువు మీద యుద్ధం అనడం న్యాయం. కారు మొత్తం బరువు 500 కిలోల లోపు ఉండేలా చూడడానికి చాప్మన్ ఏ భాగాన్నీ ఉపేక్షించలేదు. డ్యాష్‌బోర్డు అంటే గొట్టాల ఛాసిస్‌కు బిగించిన ఒక చదునైన అల్యూమినియం రేకు, అంతే. స్టీరింగు కింద నుంచి పొడుచుకొచ్చే మీటలు లేకుండా, ఇండికేటరుతో సహా స్విచ్చులన్నీ ఆ రేకు మీదే ఉండే సంప్రదాయం సెవెన్ వారసుల్లోనూ కొనసాగింది. అటువంటి ఇండికేటరు స్విచ్చు మలుపు తిరిగాక తనంత తాను ఆరిపోదు గనుక, దాన్ని ఆర్పడం మరచిపోకుండా పెద్ద హెచ్చరిక దీపమో బజరో చేర్చడం ఈ కార్ల యజమానులు చేసే తొలి మార్పుల్లో ఒకటి.

తర్వాతి చరిత్రకంతా మూలం ఆ చదునైన రేకులోనే ఉంది. పెద్ద కంపెనీల కార్లలో డ్యాష్‌బోర్డు అచ్చులో పోసిన ఒంపుల ప్లాస్టిక్ వస్తువు; ఒక మీటరు స్థానం మార్చాలంటే అచ్చే మార్చాలి, అచ్చు ఖర్చు వేల కార్ల మీద సర్దుకుంటే తప్ప గిట్టదు. రేకు అలా కాదు. అట్టముక్క మీద కొలతలు గీసుకుని, గుండ్రని రంధ్రాలు కోసే రంపపు బిట్టు, ఆకురాయి, కాస్త ఓపిక ఉంటే ఎవరైనా కొత్త పలక తయారు చేసుకోవచ్చు. దీనికొక ప్రతికూలత కూడా ఉంది: కోసిన రంధ్రం మళ్లీ పూడదు, పాత మీటరు తీసేస్తే అక్కడ రబ్బరు మూత పెట్టాలి లేదా రేకునే పారేయాలి. పాత కిట్ కారు పలక మీది మూతలను బట్టి అది ఎన్ని చేతులు మారిందో, ఏ దశలో రోడ్డు నుంచి ట్రాకుకు మళ్లిందో చాలావరకు చెప్పవచ్చు. రేకు వెనుక వ్యవహారం ఇంత సులువు కాదు. బానెట్ ఎత్తు తక్కువ, వైపరు మోటారు, ఛాసిస్ గొట్టాలు అక్కడే ఉంటాయి, కాళ్లకు చోటు వదలాలి. లోతైన మీటరు ముందువైపు ఎంత పొందికగా కనిపించినా వెనుక ఒక గొట్టానికి తగిలి ఆ ప్రణాళికనంతా చెడగొట్టవచ్చు. అందువల్ల అనుభవజ్ఞులైన నిర్మాతలు పలకను ముందు నుంచి కాక వెనుక నుంచి గీయడం మొదలుపెడతారు.

లోటస్ స్వయంగా ఒకసారి ఈ మార్గాన్ని వదిలింది. 1970లో వచ్చిన నాలుగో శ్రేణి సెవెన్‌కు ఫైబర్ గ్లాసు ఒంటిని, దానికి తగ్గట్టు మరింత నాగరికమైన లోపలి భాగాన్ని ఇచ్చారు. 1973 ఏప్రిల్‌లో కొనుగోలు పన్ను స్థానంలో విలువ ఆధారిత పన్ను రావడంతో కిట్‌కున్న పన్ను లాభం పోయింది. అదే ఏడాది సెవెన్ హక్కులను సర్రీలోని కేటర్హమ్ కార్స్ తీసుకుంది. గ్రాహమ్ నియర్న్ నడిపిన ఆ సంస్థ నాలుగో శ్రేణితో కొంతకాలం నెట్టుకొచ్చి, 1974లో మూడో శ్రేణికే, అంటే రేకు పలకకే, తిరిగి వెళ్లింది. పన్ను లాభం పోయాక కూడా ఈ కారు బతకడానికి కారణం అది సొంతదారు చేతికి లొంగే వస్తువు కావడమే.

ఆ తర్వాత రేసు నియమావళి లోపలి అమరికను శాసించసాగింది. భుజాల మీదుగా, నడుము మీదుగా నాలుగు లేదా ఆరు పట్టీలతో బిగించే హార్నెస్ బెల్టు వచ్చాక డ్రైవరు ముందుకు వంగలేడు, చేయి చాచినంత మేరే అతని ప్రపంచం. అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య, అంటే ఎఫ్ఐఏ, నియమాల ప్రకారం విద్యుత్తును పూర్తిగా తెగ్గొట్టే ప్రధాన స్విచ్చు, మంటలార్పే పరికరం మీట రెండూ బెల్టులు బిగించుకుని కూర్చున్న డ్రైవరుకు అందాలి. బయటి నుంచి సహాయకులు పోల్చుకునేలా తెల్లని అంచుగల నీలి త్రిభుజంలో ఎర్రని మెరుపు గుర్తు స్విచ్చునూ, ఎర్రని అంచుగల తెల్లని వలయంలో ఎర్రని ‘ఇ’ అక్షరం మంటలార్పే పరికరాన్నీ సూచించాలి. 1992లో కేటర్హమ్ తెచ్చిన జొనాథన్ పామర్ ఎవల్యూషన్ అనే మోడలులో ముందు అద్దాన్ని సైతం తీసేశారంటే తొలగింపు ఎంత దూరం వెళ్లిందో ఊహించవచ్చు.

1996లో హేన్స్ ప్రచురించిన రాన్ చాంపియన్ పుస్తకం, 250 పౌండ్లంత తక్కువ ఖర్చుతో సొంతంగా స్పోర్ట్స్ కారు కట్టుకునే విధానాన్ని వివరించి, లోకోస్ట్ అనే కొత్త తరగతికి జన్మనిచ్చింది. పాత ఫోర్డ్ ఎస్కార్ట్‌ను విప్పి ఇంజినూ, గేరుబాక్సూ, ఇరుసూ తీసుకునేవారు మీటర్లను మాత్రం ఎందుకు కొనాలి? అయితే ఎస్కార్ట్ మీటర్ల గుత్తి లోతైన అచ్చు డ్యాష్‌బోర్డు కోసం తయారైనది కావడంతో, పల్చని రేకులో దాన్ని ఇమడ్చడం శ్రమతో కూడిన పనైంది. మోటారు సైకిల్ ఇంజిన్లు కిట్ కార్లలోకి వచ్చాక, ఆ బండ్ల మీటర్ల పెట్టెలు చిన్నవి, తేలికైనవి, నీటికి తడవనివి గనుక ఈ చిక్కు కొంత తీరింది. కాని కారు చక్రం చుట్టుకొలత, ఇరుసు నిష్పత్తి వేరు గనుక వేగం అంకెను సవరించే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెను మధ్యలో చేర్చవలసి వచ్చింది.

ప్రభుత్వం లోపలి భాగంలో నేరుగా తలదూర్చినది 1998లో. ఒక్కొక్కటిగా తయారయ్యే వాహనాలకు రోడ్డు అనుమతి ఇచ్చే ముందు జరపవలసిన పరీక్ష బ్రిటన్‌లో ఆ ఏడు అమల్లోకి వచ్చింది. 2009లో దాని స్థానాన్ని ఇండివిడ్యువల్ వెహికిల్ అప్రూవల్, క్లుప్తంగా ఐవీఏ, ఆక్రమించింది. తల కొట్టుకునే అవకాశమున్న ప్రాంతంలో ఏ అంచైనా కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రబడి ఉండాలి, పలక కింది అంచుకు 19 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉండాలి. మనిషి తలకు ప్రతిగా 165 మిల్లీమీటర్ల గోళాన్ని తీసుకుని, అది తాకే ప్రతి చోటును లెక్కలోకి తెచ్చే యూరోపియన్ నిబంధనల సంప్రదాయం నుంచి ఈ కొలతలు వచ్చాయి. ఒకటి రెండు మిల్లీమీటర్ల రేకుకు 19 మిల్లీమీటర్ల వంపు స్వతహాగా ఉండదు; దాంతో పలక కింద గొట్టం తొడిగి వినైల్ చుట్టడం, పొడుచుకొచ్చే టాగుల్ స్విచ్చుల స్థానంలో పలకతో సమంగా ఉండే రాకర్ స్విచ్చులు పెట్టడం, మీటర్ల అంచులకు రబ్బరు పట్టీ అంటించడం ఆనవాయితీ అయ్యాయి. పరీక్ష గట్టెక్కగానే ఆ పట్టీలను పీకేసేవారు ఉన్నారన్నది ఈ లోకంలో బహిరంగ రహస్యం. చట్టం ఉద్దేశం సరైనదే, దాన్ని ఎగవేసే అలవాటు మాత్రం మెచ్చుకోదగినది కాదు. హెల్మెట్, హార్నెస్ లేకుండా రోడ్డు మీద వెళ్లే ప్రయాణికుడి నుదుటికి ఆ రబ్బరు పట్టీ తప్ప వేరే రక్షణ లేదు.

ఈలోగా మీటరే మారిపోయింది. ఇంజిన్ అందుకున్న గరిష్ఠ భ్రమణవేగం దగ్గర నిలిచిపోయే రెండో ముల్లు పాత రేసు టాకోమీటర్లలో ఉండేది. డ్రైవరు చెప్పకపోయినా జట్టు మెకానిక్కు దాన్ని చూసి ఇంజిన్‌ను ఎంత హింసించారో తెలుసుకునేవాడు. దాని వారసత్వమే నేటి డేటా లాగర్, అంటే ప్రతి సెన్సారు విలువనూ క్షణక్షణం జ్ఞాపకంలో దాచుకునే పెట్టె. 1986లో బాష్ సంస్థ ప్రకటించిన కాన్ అనే పద్ధతిలో రెండు తీగల మీదే అనేక పరికరాలు సందేశాలు పంపుకోవడం సాధ్యమయ్యాక, వేళ్ల మీద లెక్కపెట్టలేనన్ని తీగలు మోసిన పలక వెనుక భాగం తేలికపడింది. గేరు మార్చవలసిన క్షణాన్ని వరుస దీపాలు చెబుతాయి, ఆయిల్ పీడనం పడిపోతే మీటర్ల స్థానంలో వచ్చిన తెర మొత్తం ఎర్రబడుతుంది, మిగిలినవన్నీ పిట్‌లో లాప్‌టాప్ మీద చదువుకోవచ్చు. కనిపెట్టి ఉండే పని డ్రైవరు నుంచి యంత్రానికి బదిలీ అయింది; ట్రాకు కోసమే ఉంచిన కిట్ కార్లలో ఆ పెట్టె, బ్యాటరీ, మంటలార్పే సిలిండరు తరచుగా ప్రయాణికుడి వైపున, 1925కు ముందు మెకానిక్కు కూర్చున్న చోటే బిగించబడుతున్నాయి.

పాత సెవెన్‌లకు మాత్రం ఈ ప్రవాహం ఇప్పుడు వెనుదిరిగింది. అంతర్జాతీయ స్థాయి చారిత్రక కార్ల రేసుల్లో పాల్గొనాలంటే ఎఫ్ఐఏ ఇచ్చే సాంకేతిక గుర్తింపు పత్రం కావాలి, దానికి కారు తన కాలపు నిర్మాణానికి కట్టుబడి ఉన్నట్టు చూపాలి. ఒకప్పుడు భారమని తీసేసిన స్మిత్స్ మీటర్ల కోసం వెతికేవారు ఇందువల్లనూ పెరిగారు. ఆ పేరుతో మీటర్లను నేడు వేల్స్‌లోని కేర్బాంట్ ఆటోమోటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ తయారు చేస్తోంది.