నల్లపోచమ్మ పేరు తెర మీద కుదురుకున్న కథ

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో, మనూరు మండలంలో బోరంచ అనే ఊరుంది. నల్లపోచమ్మ గుడి వల్ల ఆ ఊరి పేరు చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఆ గుడికి రసీదులిచ్చే చిన్న ప్రోగ్రాం రాద్దామని అక్కడి కాలేజీ పిల్లవాడెవరైనా కూర్చున్నాడనుకోండి. పైతాన్ వచ్చు, దాంతోపాటే దొరికే టికింటర్ కూడా వచ్చు. ఒక విండో, ఒక బటన్, పైన పెద్ద అక్షరాల్లో అమ్మవారి పేరు. విండోస్ కంప్యూటర్‌లో నడిపితే పేరు చక్కగా కనబడుతుంది. అదే ప్రోగ్రామును ఒక్క గీత కూడా మార్చకుండా లినక్స్‌లో నడిపితే పేరు చెదిరిపోతుంది. కింద ఉండాల్సిన లావత్తు నిండు 'ల' అయి పక్కకు వచ్చి కూర్చుంటుంది. పొల్లు విడిగా నిలబడుతుంది. 'ప' నెత్తి మీది తలకట్టు పోకుండానే ఓత్వం వచ్చి దాని మీద పడుతుంది.

తప్పు పిల్లవాడిది కాదు, ఫాంటుది కూడా కాదు. టికింటర్ అడుగున పనిచేసేది టీకే అనే టూల్‌కిట్, అంటే విండోలు, బటన్లు గీసిపెట్టే సరంజామా. బర్క్‌లీలో జాన్ ఔస్టర్‌హౌట్ 1988లో టీసీఎల్ అనే చిన్న భాషను తయారుచేసి, ఆ తర్వాత దానికి తోడుగా టీకేను రాశాడు. విండోస్‌లో అయితే అక్షరాలు కూర్చే పనిని టీకే ఆ సిస్టమ్‌కే అప్పజెబుతుంది. లినక్స్‌లో మాత్రం, ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉన్న 8.6 వెర్షన్‌లో, ఒక కోడుకు ఒక బొమ్మ చొప్పున వరసగా పేర్చుకుంటూ పోతుంది. ఇంగ్లిషుకు అంతకు మించి అక్కర్లేదు. తెలుగుకు అది చాలదు.

ఎందుకు చాలదో నల్లపోచమ్మ పేరులోనే చూడొచ్చు. మన కంటికి ఐదు అక్షరాలు: న, ల్ల, పో, చ, మ్మ. కంప్యూటర్ లోపల మాత్రం పది కోడ్‌లు. న, ల, పొల్లు, ల, ప, ఓత్వం, చ, మ, పొల్లు, మ. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దొరికింది. మన దేశం అంతకుముందే రూపొందించుకున్న ఇస్కీ ప్రమాణం వరసనే వాళ్లు తీసుకున్నారు. అందులో వత్తులకు వేరే కోడ్‌లు లేవు. హల్లు, పొల్లు, హల్లు వరసగా వస్తే రెండోదాన్ని వత్తుగా మార్చి గీయాలి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద టైపు చేసేవాళ్లకు ఇది వేళ్లకు తెలుసు. ఎన్, డి, ఎన్ కొడితే ల్ల. వేలికి తెలిసిన ఆ లెక్క తెరకు తెలియాలి కదా, అది నేర్పడానికే చాలా ఏళ్లు పట్టింది.

ఆలోగా మనవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. డీటీపీ సెంటర్లలో అను, శ్రీలిపి ఫాంట్లతో పెళ్లికార్డులు, కరపత్రాలు అచ్చయ్యాయి. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టి, తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తు ఒకచోట ఏరి అతికించే పద్ధతి అది. కాగితం మీద అందంగానే ఉండేది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. ఒక తరం తెలుగు పని అంతా దాని మీదే నడిచింది.

అసలు మలుపు డెస్క్‌టాప్ టూల్‌కిట్లు రాసేవాళ్ల దగ్గర వచ్చింది. బర్క్‌లీలోనే స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు గింప్ అనే బొమ్మల ప్రోగ్రాం రాస్తూ, అప్పట్లో అందరూ వాడే మోటిఫ్ టూల్‌కిట్ నచ్చక సొంతంగా ఒకటి రాసుకున్నారు. అదే జీటీకే. దాని మొదటి వెర్షన్లలో తెలుగు కుదిరేది కాదు. 2002 మార్చిలో జీటీకే 2.0 వచ్చినప్పుడు, అక్షరాలు కూర్చే పని మొత్తాన్ని పాంగో అనే వేరే లైబ్రరీకి ఇచ్చేశారు. రెడ్ హ్యాట్ కంపెనీలో పనిచేసే ఓవెన్ టేలర్ దాని వెనకున్న ప్రధాన వ్యక్తి. గ్రీకులో 'పాన్' అంటే అన్నీ, జపనీసులో 'గో' అంటే భాష. ఆ రెండూ కలిపి పెట్టిన పేరు. పేరు పెట్టడంలోనే వాళ్ల ఉద్దేశం తెలిసిపోతుంది.

అటు క్యూటీ టూల్‌కిట్‌లో లార్స్ నోల్ భారతీయ లిపుల కోసం వేరుగా కోడ్ రాశాడు. మైక్రోసాఫ్ట్ 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే తెలుగు ఫాంటు ఇచ్చింది. అంటే ఒకే వత్తును ముగ్గురు మూడు చోట్ల కూర్చుతున్నారు. ఒకచోట సరిదిద్దిన తప్పు ఇంకోచోట అలాగే ఉండిపోయేది.

దీన్ని ఒక కొలిక్కి తెచ్చింది ఇరాన్‌లో పుట్టిన బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్. పాంగోలోనూ క్యూటీలోనూ ఉన్న పనిని ఉమ్మడి ఇంజన్‌గా చేసి, తర్వాత మొదటి నుంచి మళ్లీ రాశాడు. దాని పేరు హార్ఫ్‌బజ్, ఫారసీలో 'తెరిచిన అక్షరం'. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇక్కడే ఉంది. తన ఇంజన్ తెలుగును సరిగ్గా కూరుస్తోందో లేదో తెలుగు రాని మనిషి ఎలా తేల్చుకోవాలి? వికీపీడియాలో ఉన్న మాటలను పోగుచేసి, ఒక్కో మాటను తన ఇంజన్‌తోనూ విండోస్‌తోనూ కూర్పించి రెండిటినీ పోల్చి చూశాడు. తెలుగుకు అలా పోల్చిన మాటలు దాదాపు 9 లక్షల 70 వేలు. తేడా వచ్చిన ప్రతిచోటా కారణం వెతికి, తేడాలను వేళ్ల మీద లెక్కపెట్టేంతగా తగ్గించాడు.

ఆ మాటలన్నీ రాసింది ఎవరు? 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో, జీతం లేకుండా, తీరిక చేసుకుని ఊరూరికీ ఒక పేజీ రాసుకుంటూ పోయినవాళ్లు. తమ ఊరి పేరు రాస్తూ అక్షరాల ఇంజన్‌కు పరీక్ష పేపరు తయారుచేస్తున్నామని వాళ్లు అనుకొని ఉండరు. ఇవాళ క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రాఫీస్ అన్నిటిలోనూ తెలుగును కూర్చేది ఆ హార్ఫ్‌బజ్జే.

అక్షరం కుదిరితే పని అయిపోయినట్టు కాదు. మెనూలు, బటన్లు తెలుగులోకి రావాలి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ వాలంటీర్లు, రెడ్ హ్యాట్ భాషా బృందం ఆ వాక్యాలను ఒక్కొక్కటే తెలుగు చేశారు. అక్కడ ఎదురయ్యే చిక్కులు చూస్తే టూల్‌కిట్ ఎవరిని దృష్టిలో పెట్టుకొని రాశారో బోధపడుతుంది. మెనూ మాటలో ఒక అక్షరం కింద గీత ఉంటుంది, ఆల్ట్‌తో పాటు ఆ అక్షరం నొక్కితే మెనూ తెరుచుకుంటుంది. తెలుగులో 'స్త్రీ' అనే ఒక్క అక్షరానికే ఆరు కీలు కొట్టాలి, ఇక ఏ కీ పేరు చెప్పాలి? గీత గీస్తే అది వత్తుల మీద నుంచి పోతుంది. అందుకే 'దస్త్రం' అని రాసి పక్కనే బ్రాకెట్‌లో ఇంగ్లిషు ఎఫ్ పెట్టి, దాని కింద గీత గీశారు. ఎత్తు కొలిచి గట్టిగా బిగించిన బటన్లలో 'రాష్ట్రం' అని రాస్తే కింది వత్తులు తెగిపోతాయి. ఇంకో సంగతి, జీటీకేలో డిలీట్ నొక్కితే 'మ్మ' మొత్తం పోతుంది, బ్యాక్‌స్పేస్ నొక్కితే వత్తు ఒక్కటే పోయి 'మ్' మిగులుతుంది. వత్తు తప్పు పడితే అదొక్కటే దిద్దుకోవచ్చు. ఎవరో మన చేతిని చూసి ఆలోచించి పెట్టిన సదుపాయం అది.

నారాయణఖేడ్ పేరులో ఇంకో పాఠం ఉంది. దానికి 'లో' చేర్చి మామూలుగా టైపు చేస్తే 'నారాయణఖేడ్లో' అని డకు లావత్తు పడుతుంది. 'నారాయణఖేడ్‌లో' అని పొల్లు నిలవాలంటే మధ్యలో కంటికి కనబడని గుర్తు ఒకటి కొట్టాలి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞ' పక్కన అదే గుర్తు, ఆ తర్వాత దీర్ఘం ఉన్న ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయాయి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6లో దాన్ని సరిచేసింది. అంత పెద్ద కంపెనీ పరీక్షల్లో కూడా మన లిపిలోని ఒక మూల చూడకుండా మిగిలిపోయింది.

బోరంచ గుడి రసీదు రాయబోయే పిల్లలకు ఒక మాట. లినక్స్‌లో తెలుగు చూపాలంటే జీటీకే గాని క్యూటీ గాని తీసుకోండి, పైతాన్‌తో రెండూ నడుస్తాయి. ఏ టూల్‌కిట్ చేతికొచ్చినా మొట్టమొదట అందులో నల్లపోచమ్మ, స్త్రీ, రాష్ట్రం, నారాయణఖేడ్‌లో అనే నాలుగు మాటలు రాసి చూడండి. ఏది విరిగినా దాని ఫొటో తీసి, ఎలా ఉండాలో పక్కన రాసి, ఆ టూల్‌కిట్ తయారుచేసేవాళ్లకు పంపండి.