జీర్ణోద్ధరణకు సాక్షి: అహోబిల క్షేత్రం



ఆళ్లగడ్డ నుండి నల్లమల వైపు సాగే మార్గం మిమ్ములను దిగువ అహోబిలమనే చిన్న గ్రామానికి చేరుస్తుంది. అచట ప్రహ్లాదవరదుని సేవించి, సుమారు 8 కిలోమీటర్లు అడవిదారిన పైకి సాగితే, ఉగ్రనరసింహుడు కొలువైన ఎగువ అహోబిలం కానవస్తుంది. నవనారసింహులు వెలసిన ఈ క్షేత్రం 108 దివ్యదేశాలలో ఒకటి. తిరుమంగై ఆళ్వారు దీనిని కీర్తించారు.

శ్రీకృష్ణదేవరాయలు 1515లో స్వామిని దర్శించి ఆభరణాలు సమర్పించుకొన్నారు. అరువది నాలుగేండ్లకే ఆ వైభవానికి గ్రహణం పట్టినది. 1579లో గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా సేనలు, హండే నాయకులు కలిసి క్షేత్రాన్ని ఆక్రమించి, అయిదారేండ్లు తమ అధీనంలో ఉంచుకొన్నారు. అప్పటి అహోబిల మఠ జీయరు విజయనగర ప్రభువు శ్రీరంగరాయలను ఆశ్రయించారు. రాజాజ్ఞతో కొండ్రాజు తిమ్మరాజు, వేంకటరాజు క్షేత్రాన్ని విడిపించి, ఆలయానికి పూర్వవైభవం కలిగించినట్లు శాసనం తెలుపుచున్నది.

ఆ ఉద్ధరణలో యతి ప్రార్థన, రాజాజ్ఞ, వీరుల భుజబలం మూడూ కలిసినవి. ఏ ఒక్కటి కొరవడినా కార్యం నెరవేరెడిది కాదు. రాయల కానుకలకే రక్షణ కరువైన కాలమది. కనుక దాతలారా, మన ఆలయ కుంభాభిషేకంతో మీ బాధ్యత తీరినదని తలచకండి. మరునాటి నిత్యదీపానికి నూనె పోసే చేయి కూడా కావలెను.

స్వస్తి.