సెకనుకు పది అక్షరాలు

అమీర్‌పేటలో లినక్స్ నేర్పడం మొదలుపెట్టిన నాటి నుంచీ కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా ఒకటే ఫిర్యాదు వింటున్నాను. ఫైల్ కాపీ చెయ్యమంటే పిల్లలు సీపీ కమాండ్ కొడతారు, ఎంటర్ నొక్కుతారు, కాసేపు స్క్రీన్ వంక చూస్తారు. "ఏమీ రాలేదు సార్" అంటారు. ఏమీ రాలేదంటే పని సవ్యంగా అయినట్టే అని చెబితే నమ్మరు. మళ్ళీ ఓసారి కొట్టి చూస్తారు. ఆకుపచ్చ గీత నిండుతూ కనబడితే గానీ వాళ్ళ మనసు కుదుటపడదు.

ఈ మౌనం వెనక గొప్ప తత్వం ఉందని పుస్తకాలు రాస్తాయి. నా లెక్కలో తత్వం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది టెలిటైప్ మోడల్ 33.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం, మరీ హిల్ అనే ఊళ్ళో బెల్ ల్యాబ్స్. మల్టిక్స్ అనే భారీ ప్రాజెక్టు నుంచి ఆ సంస్థ 1969లో తప్పుకుంది. దాని మీద పనిచేసిన కెన్ థాంప్సన్‌కు బుర్రనిండా ఆలోచనలున్నాయి గానీ యంత్రం లేదు. ఎవరూ పెద్దగా వాడని పీడీపీ-7 ఒకటి కనబడితే దాన్ని పట్టుకున్నాడు. భార్య పసివాణ్ణి తీసుకుని కాలిఫోర్నియాలో అత్తవారింటికి వెళ్ళిన సమయం చూసుకుని ఆపరేటింగ్ సిస్టమ్‌కో వారం, షెల్‌కో వారం, ఎడిటర్‌కో వారం, అసెంబ్లర్‌కో వారం అనుకుని కూర్చున్నాడు. సహోద్యోగి డెనిస్ రిచీ తోడయ్యాడు. యూనిక్స్ అలా పుట్టింది.

ఆ యంత్రంతో మాట్లాడాలంటే టెలిటైపే దిక్కు. దానికి తెర ఉండదు. కీబోర్డు, దాని వెనక కాగితపు చుట్ట. మనం కొట్టిందీ యంత్రం చెప్పిందీ ఆ కాగితం మీదే అచ్చవుతాయి. వేగం సెకనుకు పది అక్షరాలు. వరుసకు 72 అక్షరాలు పడతాయి కాబట్టి ఒక్క వరుస నిండడానికి ఏడు సెకన్లు దాటుతుంది. మీటలు మొండివి, ప్రతి అక్షరానికీ వేలి బలం పెట్టాలి. కాపీ అయిన ప్రతిసారీ "మీ ఫైలు విజయవంతంగా కాపీ అయినది" అని ఆ యంత్రం తీరిగ్గా కొడుతూ ఉంటే పక్కన కూర్చున్నవాడికి ఎలా ఉంటుందో ఊహించుకోండి. కాగితం దండగ, టైము దండగ.

అందుకే లిస్ట్ కాస్తా ఎల్ఎస్ అయింది, కాపీ సీపీ, మూవ్ ఎంవీ, రిమూవ్ ఆర్ఎం అయ్యాయి. ఈడీ అనే ఆనాటి ఎడిటర్‌లో తప్పు చేస్తే ఒక్క ప్రశ్నార్థకం పడేసి ఊరుకునేది. ఏం తప్పో వెతుక్కోవడం మన పని. ఈ పిసినారితనం ఒక్కోసారి శ్రుతి మించింది కూడా. ఫైల్ తయారుచేసే సిస్టమ్ కాల్ పేరులో క్రియేట్ అనే మాటకు చివరి ఈ అక్షరం లేదు. యూనిక్స్‌ను మళ్ళీ రాస్తే ఏం మారుస్తారని అడిగితే, ఆ ఈ పెడతానన్నాడట థాంప్సన్.

1970లో ఇంకాస్త పెద్ద యంత్రం పీడీపీ-11 చేతికొచ్చింది. దాని మెమరీ మొత్తం 24 కిలోబైట్లు, డిస్క్ అర మెగాబైటు. దాని మీదే పేటెంట్ విభాగం టైపిస్టులు ముగ్గురు రోజంతా దరఖాస్తులు టైపు చేసేవారు. 1971 నవంబర్ 3వ తేదీతో యూనిక్స్ మొదటి మాన్యువల్ వెలువడింది. అందులో కమాండ్ల వివరణ కింద బగ్స్ అనే శీర్షిక ఉంటుంది. మా సరుకులో ఫలానా లోపం ఉందని తయారుచేసినవాళ్ళే కాగితం మీద పెట్టారు. మ్యాన్ పేజీల్లో ఆ అలవాటు నేటికీ ఉంది. పేజీ అడుగుకి వెళ్ళి ఆ నాలుగు వాక్యాలు చదివితే సగం తలనొప్పులు తప్పుతాయి, కానీ మావాళ్ళెవరూ అంత దూరం స్క్రోల్ చెయ్యరు.

ఫైళ్ళలో మాటలు వెతికే గ్రెప్ పుట్టుకకూ మెమరీ ఇరుకే కారణం. బెల్ ల్యాబ్స్‌లో వాళ్ళతో పనిచేసిన బ్రయన్ కెర్నిహాన్ చెప్పే కథ ఇది. లీ మెక్‌మాన్ అనే సహోద్యోగికి ఫెడరలిస్ట్ పేపర్స్ అనే 85 అమెరికన్ రాజకీయ వ్యాసాల్లో ఏది ఎవరు రాశారో తేల్చాలని కోరిక. మాటల వాడుకను బట్టి రచయితను పట్టుకోవాలి. వ్యాసాలన్నీ ఈడీలో తెరుద్దామంటే మెమరీ చాలదు. థాంప్సన్ ఈడీలోంచి వెతికే భాగాన్ని ఊడదీసి విడి ప్రోగ్రాం చేసిచ్చాడు. ఫైల్ మొత్తాన్ని మింగదు, వరుస తర్వాత వరుస చదువుకుంటూ పోతుంది. నలభై జీబీల లాగ్ ఫైల్‌ను మామూలు ఎడిటర్లు తెరవలేని చోట గ్రెప్ ఇప్పటికీ కిక్కురుమనకుండా పనిచేసేది అందుకే.

1973లో పైప్ వచ్చింది. ఒక ప్రోగ్రాంలోంచి వచ్చేదాన్ని మరో ప్రోగ్రాంలోకి, తోటకు నీళ్ళు పెట్టే గొట్టాలు బిగించుకున్నట్టు, కలుపుకోగలగాలని బెల్ ల్యాబ్స్‌లోనే పనిచేసే డగ్ మెకిల్‌రాయ్ 1964లోనే ఒక కాగితం మీద రాసిపెట్టాడు. ఏళ్ళ తరబడి పోరగా పోరగా థాంప్సన్ ఒక్క రాత్రిలో చేసి పెట్టాడు. తెల్లారేసరికి ఆఫీసులో అందరూ కమాండ్లకు కమాండ్లు తగిలించి చూసుకోవడంలో మునిగిపోయారు. ఆ మౌనానికి అసలు విలువ అప్పుడు తెలిసింది. సార్ట్ ముందు "సార్టింగ్ మొదలైనది" అని ఒక వరుస కొడితే, దాని తర్వాత కమాండ్ ఆ వరుసనూ సరుకే అనుకుంటుంది. కాగితం పొదుపు కోసం మొదలైన అలవాటు మరో పనికి అక్కరకొచ్చింది. 

తెర వచ్చాక కూడా ఇదే తంతు. బిల్ జాయ్ 1976 ప్రాంతంలో బర్క్‌లీలో వీఐ ఎడిటర్ రాసింది ఏడీఎం-3ఏ అనే టెర్మినల్ మీద. దానికి బాణం గుర్తుల మీటలు విడిగా లేవు, హెచ్, జె, కె, ఎల్ మీటల మీదే ముద్రించి ఉండేవి. హోమ్ అనే మాట టిల్డా గుర్తున్న మీట మీద ఉండేది. ఈరోజు హోమ్ డైరెక్టరీకి టిల్డా కొడుతున్నామంటే ఆ మీట పుణ్యమే. ఎస్కేప్ మీట ఇప్పటి ట్యాబ్ ఉండే చోట, చిటికెనవేలికి అందుబాటులో ఉండేది. వీఐకి వారసుడైన విమ్‌లో ఎస్కేప్ కోసం చెయ్యంతా సాచాల్సి వస్తోందని విసుక్కునేవాళ్ళు జాయ్‌ని తిట్టి లాభం లేదు.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రకటన, 1989లో బ్యాష్, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్. కోడ్ కొత్తగా రాసుకున్నారు, యూనిక్స్ కమాండ్ల పేర్లు మాత్రం అవే ఉంచారు.

ఇంగ్లిష్ అక్షరాలకే చాలీచాలని ఆ యంత్రాల పనిముట్లు తెలుగును ఎలా మోస్తున్నాయి? 1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనే మన లిపికి చోటు దొరికింది. కానీ ఆ సంఖ్యలను ఫైల్‌లో ఎలా రాసుకోవాలన్నది తేలలేదు. 1992 సెప్టెంబర్‌లో న్యూజెర్సీలోని ఒక చిన్న హోటల్లో, భోజనం బల్ల మీద పరిచే కాగితం మీద, మళ్ళీ ఆ థాంప్సనే సహోద్యోగి రాబ్ పైక్‌తో కూర్చుని యూటీఎఫ్-8 గీశాడు. అందులో తెలుగు అక్షరానికైనా గుణింతం గుర్తుకైనా మూడేసి బైట్లు. మూడింటిలో ఏ ఒక్కటీ ఇంగ్లిష్ అక్షరంతోనో ఖాళీతోనో వరుస ముగింపుతోనో కలవదు. అంచేత ఖాళీ దగ్గర, వరుస చివర తెంపడం మాత్రమే తెలిసిన పాత ప్రోగ్రాంలు తెలుగు రాకపోయినా తెలుగును పాడుచెయ్యవు.

ఏదైనా తెలుగు కథ ఫైల్ తీసుకోండి. టీఆర్‌తో ఖాళీలను కొత్త వరుసలుగా మార్చండి, పైప్ పెట్టి సార్ట్, తర్వాత యూనిక్ మైనస్ సీ, మళ్ళీ సార్ట్ మైనస్ ఎన్ఆర్, చివర హెడ్. రచయిత ఏ మాట ఎక్కువ వాడాడో ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా వచ్చేస్తుంది. మొదటి సార్ట్ వదిలెయ్యకండి. యూనిక్ పక్కపక్కనున్న వరుసలనే కలుపుతుంది, ఈ ఒక్కటి మరిచిపోయి లెక్క తప్పిందనే స్టూడెంట్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

లెక్కపెట్టడం దగ్గర మాత్రం చిక్కుంది. ప్రింట్ఎఫ్‌తో "తెలుగు" అనే మాటను డబ్ల్యూసీ మైనస్ సీకి పంపితే 18 అంటుంది, అవి బైట్లు. మైనస్ ఎం పెడితే 6, గుణింతాలను విడిగా లెక్కేసింది. ఒకటో తరగతి పిల్ల మూడంటుంది. ఆ మూడు రావాలంటే గ్రెప్‌కు మైనస్ ఓపీ ఇచ్చి, వెతికే చోట వెనక్కి వాలిన గీత, పక్కనే పెద్ద ఎక్స్ కొట్టి, వచ్చినదాన్ని డబ్ల్యూసీ మైనస్ ఎల్‌కు పంపాలి. ఒత్తులతో జాగ్రత్త. పాత లైబ్రరీలున్న సిస్టమ్‌లో "అమ్మ"కు కూడా మూడనే వస్తుంది.